ఉచిత డెమోలో నా చావు

మొన్నటి ఏడాది అమీర్‌పేటలో నేను చచ్చిపోయాను. ముక్కులో దూది, మెడలో బంతిపూల దండ, చుట్టూ ఏడ్చేవాళ్లు, అన్నీ పద్ధతిగానే జరిగాయి. నవ్వేవాళ్లు నవ్వండి. నాకు మాత్రం కోపం ఇప్పటికీ దిగలేదు.

మా మనవరాలు మౌనికకు సినిమా తీయడం నేర్చుకోవాలని పట్టుదల. పంజాగుట్టలో ఒక మేడమ్ వర్క్‌షాపు బాగుంటుందని, ఆ సాయంత్రంతో చేర్చుకోవడం ఆపేస్తారని నన్ను వెంటబెట్టుకుని పోయింది. నేను మగ్గం పక్కన పెరిగినదాన్ని. చీర కొంగు తడిపి, రంగు దిగుతుందేమో రుద్ది చూడందే కొనను. ఇన్నేళ్ల అమీర్‌పేట కాపురం నేర్పిందీ అదే. ఏ కోర్సయినా ముందు ఉచిత డెమోలో కూర్చోవాలి, తర్వాతే కొంగుముడి విప్పాలి.

డెమో ఎప్పుడని అడిగాను.

"డెమోలు ఉండవమ్మా. ఈ అమ్మాయి సొంతంగా తీసిన చిన్న వీడియో ఏదైనా సాయంత్రంలోగా చూపించండి. నచ్చితే తీసుకుంటాం" అంది మేడమ్.

ఒళ్లు మండింది. నేర్పకముందే పని చూపించాలంటే ఇక వీళ్లు నేర్పేదేమిటి?

"గిది రంగు దిగే బట్ట. నడువ్" అని పిల్ల రెక్క పట్టుకున్నాను.

"నానమ్మా, నాకు గిదే కావాలె" అని గొణిగింది. నేను వింటేగా!

అమీర్‌పేటలో ఒక మేడ మీద 'ఉచిత డెమో, భోజనంతో సహా' అని బోర్డు కనిపించింది. నా కళ్లకు అది గుడి గోపురంలా తోచింది. లోపల టోపీ పెట్టుకున్న డైరెక్టరు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇవాళ డెమో అంటే నిజం షూటింగేనండీ. చావు సీను. మీ ముఖంలో ఎంత శాంతం ఉందో అమ్మగారూ!"

నా ముఖంలో శాంతం! ఆ ఒక్క మాటతోనే లేచి రావలసింది. రాలేదు. డాబా మీద శవంగా పడుకోబెడితే పడుకున్నాను. ముఖం మీదికి వెలుగు పడాలని మౌనిక చేతికి థర్మకోల్ అట్ట ఇచ్చి ఎండలో నిలబెట్టారు. పాఠం ఒక్క ముక్కా లేదు. ఈగ ముక్కు మీద వాలినా నేను కదల్లేదు.

మధ్యాహ్నం పులిహోర పెట్టి మళ్లీ పడుకోబెట్టారు. ఏడవడానికి కృష్ణానగర్ నుంచి వచ్చిన సినిమా కూలీల్లో ఒకామె నా కాళ్ల దగ్గర కూర్చుని డైరెక్టరును మెల్లగా అడిగింది.

"సార్, నా కూలి సరే, గీ ముసలామెకు ఎంతిస్తుండ్రు?"

"ఆవిడకేం లేదు. డెమోకొచ్చిన గిరాకీ. మన సినిమా పనైపోతే చాలు."

కెమెరా తిరుగుతుండగానే శవం లేచి కూర్చుంది. ఏడ్చే ఆమె ఈసారి నిజంగానే కేక పెట్టింది.

"ఏడ్చెటోళ్లకు కూలి, సచ్చినదానికి పులిహోరనా?" అన్నాను, ముక్కులో దూది తీసి ఆయన చేతిలో పెడుతూ.

"అమ్మగారూ, సీను పాడైపోతుందండీ..."

"నీ సీనుల మన్నువడ. పొద్దటి సంది బిగవట్టిన ఊపిరి ఎవడిస్తడు?"

దండతోనే రోడ్డు మీదికొచ్చాను. పొద్దు వాలిపోతోంది. పిల్ల సీటు నా చేతులారా పోగొట్టానని అప్పుడు తట్టింది. తిట్టడానికి నోరు తెరిస్తే, తిట్టదగ్గ మనిషి నేనొక్కదాన్నే.

మౌనిక మాత్రం ఫోను చూసుకుంటూ కిసుక్కుమంది. అట్ట చాటున ఫోను పెట్టి నా చావూ, లేవడమూ, తిట్లూ అన్నీ తీసిందట.

మెట్రో స్తంభాల కింద పంజాగుట్ట దాకా నన్ను పరుగెత్తించింది. మేడమ్ తాళం వేస్తూ ఆగి, ఆ వీడియో రెండుసార్లు చూసింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "రేపు పొద్దున్నే వచ్చెయ్" అని మౌనికతో చెప్పింది. నా వైపు తిరిగి, "మొదటి పాఠానికి మాకూ ఒక శవం కావాలమ్మా, మీరూ వస్తారా?" అంది.

ఖైరతాబాద్ గణపతి మీద ఒట్టేసి ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఈ జన్మలో ఇంకెవరి కోసమూ ఉచితంగా చావను.