సంచి తరుగు

రొంపిచెర్లలో యశోదమ్మ కేబుల్ ఆఫీసుకెళ్లి ‘లాస్’ అనే మాట అన్నారో, ఆమె కళ్లెర్రజేస్తుంది. వ్యాపారం చేసే చోట ఆ మాటేమిటని! అందుకే వైర్లో సిగ్నల్ ఎంత పోయినా అక్కడ ‘తరుగు’ అనే అంటారు. మిర్చి బస్తా తూచి సంచి బరువు తీసేస్తారే, అదే తరుగు. ఆ మాట పెట్టింది అక్కడి పాత టెక్నీషియన్ జయకర్.

పైస్థాయి ఫ్రీక్వెన్సీలో వచ్చే ఛానళ్లకు తరుగెక్కువ. అది ఎంతో, టీవీలో బొమ్మ చూసి చెప్పగలిగినవాడు ఆ ఆఫీసులో జయకర్ ఒక్కడే. ఇప్పుడు యశోదమ్మ కచ్చితంగా కొలిచే మీటరు కొని, నిన్నగాక మొన్న చేరిన అమ్జద్ చేతిలో పెట్టింది. అది మెడలో తగిలించుకుని వాడు తిరుగుతుంటే జయకర్ కడుపు రగిలిపోయింది. వాడి టీలో మీగడ ఎక్కువ పడినా ఓర్చుకోలేకపోయాడు.

“అమ్మా, మీటరు చేతికిస్తే సరా? వీడికి కొలవడం వచ్చో రాదో చూడొద్దా?” అన్నాడు ఉండబట్టలేక.

“సరే, ఈ కొత్త కేబుల్ బండిల్ కొలవరా అమ్జద్. అట్టపెట్టె మీద అచ్చేసిన తరుగు, నువ్వు చెప్పే తరుగు ఒకటైతే మీటరు నీ దగ్గరే ఉంటది. తేడా వస్తే జయకర్‌కే” అంది యశోదమ్మ.

అమ్జద్ మంచినీళ్లకు వెళ్లాడు. జయకర్ మీటరుకు తగిలించే చిన్న వైరు లాగేసి, వానకు నాని పాడైన తన పాత వైరు బిగించాడు. అందులో పోయేదంతా బండిల్ లెక్కలో పడుతుంది. మీటరు తన మెడలోకి వచ్చేసినట్టే సంబరపడ్డాడు.

అమ్జద్ వచ్చి, ముందు ఆ చిన్న వైరొక్కదాన్నే కొలిచి, దాని తరుగు లెక్కలోకి రాకుండా మీటర్లో సున్నా పెట్టుకున్నాడు. తర్వాత బండిల్ కలిపాడు. పెట్టె మీదున్న అంకే వచ్చింది.

“ఆ చిన్నది ముందెందుకు కొలిచావురా?” అన్నాడు జయకర్.

“అదేందన్నా! సంచి తరుగు తియ్యకుండా మిరపకాయల బరువు చెప్పకూడదని చేరినప్పుడు నువ్వేగా నేర్పింది? ఈ వైరు చానా తినేస్తంది, అయినా తీసేశాగా.”

“పాత వైరు ఎవడు పెట్టాడ్రా?” అంది యశోదమ్మ.

అమ్జద్ దాన్ని తిప్పి చూశాడు. కొసన నీలం టేపు. అది చుట్టే అలవాటు ఆఫీసులో ఒక్కడికే ఉంది. అమ్జద్ ఒక్క క్షణం జయకర్ వంక చూశాడు.

“నేనేనమ్మా. పొరపాటున తెచ్చా” అన్నాడు అమ్జద్.

జయకర్ తల దించుకున్నాడు. ఇక వాడి మంచితనం చూసి కూడా కుళ్లుకోవాల్సి వచ్చింది.