బాపుకు సముద్రం చూపించిన రెండు రోజులు

మా బాపు బావుల్లో పూడిక తీసే మనిషి. కేతేపల్లి చుట్టుపక్కల ఎండిన బావి ఏదైనా సరే, నడుముకు మోకు కట్టుకుని లోపలికి దిగేవాడు. ఆ మోకు రెండో కొస పైన అమ్మ చేతిలో ఉండేది. మోకు పట్టిన మనిషి పక్కకు చూడకూడదు, ఎవరితో మాట కలపకూడదు. అది వాళ్ల పనిలో కట్టుబాటు. బావులు పోయి బోర్ల కాలం వచ్చాక, మా చేన్లో వేసిన బోర్లన్నీ దుమ్ము కక్కాయి. అయినా ఆయనకు నీళ్ల మీద మోజు తీరలేదు. ముసలితనంలో చేతికి ఫోను వచ్చాక పత్తి చేను గట్టున కూర్చుని విశాఖపట్నం వీడియోలు చూసేవాడు. కైలాసగిరి, ఒడ్డుకు తెచ్చి నిలబెట్టిన సబ్‌మెరైను, భీమిలి.

"గన్ని నీళ్లు ఒక్క జాగల ఎట్లుంటయో ఒక్కపారి సూడాలె బిడ్డా," అనేవాడు.

ప్రతి ఏడూ నాది ఒకటే జవాబు. "పత్తి ఏరినంక పోదాం. సముద్రం యాడికి పోతది బాపూ, గక్కణ్ణే ఉంటది."

సముద్రం అక్కడే ఉంది. బాపే పోయాడు. ఒక పొద్దున బర్రెకు గడ్డి వేస్తూ వేస్తూ కూలబడ్డాడు. దవాఖానకు చేరేలోపే అయిపోయింది.

దినాలు అయ్యాక అస్థికలు వాడపల్లిలో కృష్ణలో కలుపుదామని పెద్దమనుషులన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "విశాఖపట్నం తీస్కపోదాం. ఆయన ఏమేం సూస్తనన్నడో అన్ని సూపెట్టి, అటెన్క కలుపుదాం," అంది. వాడకట్టు నోళ్లు ఊరుకుంటాయా? మొగుడు పోయి నెల తిరగలేదు, టూరు పోతదట అని చెవులు కొరుక్కున్నారు. నాకు ఒళ్లు మండింది. నవ్వేవాళ్ల ముందు జారిపడ్డట్టే ఉంది మా బతుకు అనుకున్నాను.

అసలు భయం మాత్రం వేరే. ప్రయాణానికి వారం ముందు నుంచి అమ్మ ఒక్కొక్కటే వదిలించుకోవడం మొదలుపెట్టింది. పిల్లల్లా సాకిన మేకలు రెండింటినీ మా చిన్నమ్మకు తోలిచ్చింది. పెట్టె తాళం నా భార్య చేతిలో పెట్టింది. ఆపైన చేను దగ్గర రేకుల కొట్టంలో, పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బా కనిపించలేదు. నా భార్యను అడిగితే "నాకేం తెల్వది," అని మొహం తిప్పుకుంది. మా వైపు పత్తి చేలల్లో ఆ డబ్బా మాయమైతే ఏం అనుమానం వస్తుందో చెప్పనక్కర్లేదు. అమ్మ తిరిగి రావాలని బయల్దేరడం లేదని నాకు అనిపించింది.

నా సంగతి కూడా అంత బాగాలేదు. తిండి సహించేది కాదు. పొద్దంతా ఆ కొట్టంలోనే పడి ఉండేవాణ్ణి. సముద్రం యాడికి పోతది అన్న నా మాటే చెవుల్లో తిరిగేది.

నల్లగొండలో రైలెక్కాం. అస్థికల ముంత కింద పెట్టకూడదు కాబట్టి గుడ్డలో మూటకట్టి కిటికీ పక్క కొక్కానికి వేలాడదీశాను. రైలు ఊగినప్పుడల్లా అది ఊగింది. ఎదురు బెర్తు ఆయన అదేమిటని అడిగి, చెప్పగానే ఇంకో బోగీలోకి పోయాడు. నేను ఎప్పుడు కళ్లు తెరిచి చూసినా అమ్మ మేలుకునే ఉంది, నా వైపే చూస్తూ.

లాడ్జిలోకి ముంతను రానివ్వలేదు. బయట బాదం చెట్టు కొమ్మకు కట్టాం. నేను స్నానానికి పోతుంటే అమ్మ తలుపు దగ్గరికి వచ్చింది.

"గడియ పెట్టకు బిడ్డా. కొత్త జాగా, ఇరుక్కపోతది."

"నేనేమన్న సంటి పోరన్నా?" అని కసిరాను. కానీ గడియ పెట్టలేదు. గడియ పెట్టుకుంటే ఆమె ఒక్కతే ఉంటుంది కదా అని నా లెక్క.

మైల కాబట్టి సింహాచలానికి దూరం నుంచే దండం పెట్టి, మొదట కైలాసగిరి ఎక్కాం. కింద సముద్రం. ఆ నీలం చూసి సంతోషపడాల్సింది పోయి అమ్మ ఎటు చూస్తోందో చూశాను. అమ్మ మూటను రెండు చేతులతో పైకెత్తి, "సూడు," అని ఆయనకు చూపించింది. తర్వాత మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె దగ్గరికి పోయి అడిగింది.

"గిక్కడికెల్లి ఎవరన్న పడ్డరా అమ్మా?"

"ఏటమ్మా, పొద్దున్నే ఆ మాటలు!" అని ఆమె విసనకర్ర ఆపేసింది.

అమ్మకూ కొండ అంచున ఉన్న కమ్ములకూ మధ్య నిలబడదామని జరిగాను. నాకంటే ముందు అమ్మ అటు జరిగింది. నేను మళ్లీ జరిగాను, ఆమె మళ్లీ జరిగింది. పక్కన ఒక కొత్త జంట ఫొటో దిగుతూ "ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం," అని అరుచుకుంటున్నారు. నేను అమ్మ చెయ్యి పట్టి లాక్కొచ్చాను. కొండ మీద మేమున్నది ఎంతసేపో గానీ నాకు బాపు శవం పక్కన కూర్చున్న పూటంత పొడుగ్గా అనిపించింది.

సబ్‌మెరైను దగ్గర కాపలాదారు సంచీ, మూట బయట పెట్టమన్నాడు. అమ్మ పెట్టనంది. అతన్ని ఇంకోటి అడిగింది. "బయటికొచ్చే తొవ్వ ఒక్కటేనా? నడుమల యాడన్న దర్వాజ తెరుస్తరా?" ఒక్కటే అని అతను చెప్పాక, "నువ్వు సూసిరా బిడ్డా, నేను గీ కొసన నిలబడ్త," అంది.

నేను లోపలికి ఎందుకు పోయానో నాకే తెలియదు. ఇనుప గొట్టం, సన్నటి దారి, ముందు జనం, వెనక జనం. గైడు ఏదో చెప్తున్నాడు. నాకు మాత్రం బయట నీళ్లకూ అమ్మకూ మధ్య ఉన్న ఇసుకే కళ్లముందు ఆడింది. జనాన్ని తోసుకుంటూ, తిట్లు తింటూ అవతల పడ్డాను. అమ్మ మెట్ల కిందే ఉంది. అడుగు కూడా కదల్లేదు.

ఆమె నల్లా దగ్గర నీళ్లు తాగడానికి పోయినప్పుడు సంచీ నా దగ్గరే వదిలింది. డబ్బా కోసం చెయ్యి పెట్టాను. డబ్బా లేదు. అడుగున, పాత చీర గుడ్డలో చుట్టి, బాపు బావి మోకు ఉంది.

ఆ మోకు చూడగానే నాకు ఉరే గుర్తొచ్చింది. పారేద్దామంటే అమ్మ వచ్చేస్తోంది. ఎట్లా ఉన్నదాన్ని అట్లా పెట్టేశాను. అడగాలంటే భయమేసింది. అడిగితే నిజమే చెప్తుందేమోనని భయం. ఆ రాత్రి ఇద్దరం నిద్ర నటించాం.

తెల్లారి ఆటోలో భీమిలి పోయాం. ఆటో అతను అడగకుండానే డచ్చి వాళ్ల సమాధుల దగ్గర ఆపి, "టూరిస్టులందరూ చూస్తారండి," అన్నాడు. నల్లబడిన పాత గోరీలు. వాటి మధ్య పిచ్చిగడ్డి.

"గింత దూరమొచ్చి సచ్చిండ్రా," అంది అమ్మ. "ఈళ్ల తల్లులకు కబురన్న తెలిసిందో లేదో."

గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఒడ్డున ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. మా వాలకం చూసి, "కెరటానికి వీపు సూపకండి బాబూ," అన్నాడు. నేను చొక్కా విప్పి ముంత ఎత్తుకున్నాను. అమ్మ సంచీలోంచి మోకు తీసింది. ఆమె ఆ మోకును నా నడుముకు చుట్టి, బాపుకు కట్టే ముడే వేసింది.

"గిదేందమ్మా?"

"దిగేటోనికి కట్టాలె కద."

"గిది బాయి కాదు."

"నీళ్లే గద." ముడి గుంజి చూసింది. నా మొహం చూడకుండా అంది. "మందు డబ్బ నేనే పారబోసిన. నువ్వు దాన్ని ముంగట వెట్టుకొని కొట్టంల కూసున్నప్పుడు నీ పెండ్లాం సూసింది. మేకల కాడ కావలుంటే నీ కాడ ఎవరుంటరు కొడుకా?"

సిగ్గుతో చచ్చిపోయాను. రెండు రోజులుగా నేను ఆమెకు కాపలా అనుకున్నాను. కొండ మీద, ఇనుప గొట్టం దగ్గర, గడియ దగ్గర ఆమె అడిగినవన్నీ నా గురించే. డబ్బా సంగతి కూడా నిజం. రెండుసార్లు మూత తిప్పాను. ఎందుకని అప్పుడు నన్ను నేను అడగలేదు.

నీళ్లలోకి దిగాను. నడుము లోతులో ముంత వంచాను. బూడిద నల్లగా తేలి, అలలో కలిసిపోయింది. "సూడు బాపూ," అన్నాను. ఏడుపొచ్చింది. మూడు మునకలు వేయాలి. రెండు వేశాను. మూడో మునకలో లోపల కొంచెం ఎక్కువసేపు ఉన్నాను. అల నొక్కేసింది అని ఇన్నేళ్లు అందరికీ చెప్పాను. అల నొక్కలేదు. లోపల చల్లగా ఉంది, సముద్రం యాడికి పోతది అన్న ఆ మాట చెవుల్లో వినిపించడం ఆగింది, లేవబుద్ధి కాలేదు.

మోకు బిగిసింది. ఒక్క గుంజు. డెబ్బై ఏళ్లకు దగ్గర పడ్డ మనిషి గుంజు అది, నా డొక్కలో ఎముక కలుక్కుమంది. లేచి చూస్తే అమ్మ మోకాలి లోతు నీళ్లలో కాళ్లు తన్నిపెట్టి, రెండు చేతులకూ మోకు చుట్టుకుని ఉంది. ముసలాయన వల వదిలేసి లేచి నిలబడ్డాడు.

ఒడ్డెక్కాక వెనక్కి తిరిగి చూడకూడదు. ఇద్దరం చూడలేదు. ఆమె ముడి విప్పుతుందేమోనని ఆగాను. విప్పలేదు. రోడ్డు దాకా ఆమె ముందు, నేను వెనక, నడుముకు మోకుతో. సముద్రం చూడ్డానికొచ్చిన జనం మమ్మల్ని చూశారు.

ఆటో ఎక్కుతుంటే ఊరి నుంచి నా భార్య ఫోను. నా చేతిలోంచి అమ్మ తీసుకుంది.

"ఉన్నడు," అంది. "తోల్కొస్తున్న."

ఫోను ఒక చేతిలో పట్టుకుంది. రెండో చేతిలో మోకు కొస అట్లాగే ఉంది.