గోడకు నిలబెట్టిన అవ్వ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ గుడ్డా ఊరికే ఉండేది కాదు. చీర చిరిగితే లంగా, లంగా చిరిగితే బొంత, బొంత పోగులైతే మసిగుడ్డ. అలాంటి ఇంట్లో ఒక కొత్త తెల్లగుడ్డ వానాకాలం నుంచి ఎండాకాలం దాకా వసారా గూట్లో కదలకుండా ఉండిపోయింది. దాన్ని ఎవరూ కట్టలేదు, ముట్టుకోలేదు. దాని లోపల ఒక మనిషి ఉందని మేమంతా నమ్మాం.

మాది నల్లమల అంచున ఊరు. అడవిలోని గూడెం నుంచి ఒక ముసలామె మా ఇంటికి తేనె తెచ్చేది. ఆమెను తేనె అవ్వ అనేవాళ్ళం, ఆమె కూతుర్ని తేనె అక్క అనేవాళ్ళం. తేనె, కుంకుళ్ళు మా వాకిట్లో దించి జొన్నలూ ఉప్పూ తీసుకుపోయేవాళ్ళు. మా అమ్మకు గొడ్డుగోదతోనే సరిపోయేది. నన్ను చంకనేసుకుని తిప్పిందీ, ఏ కాయ తినకూడదో ఏ పుట్ట దగ్గరికి పోకూడదో నేర్పిందీ అక్కే. ఆమె వచ్చే రోజు తెలిస్తే నేను పొద్దున్నుంచే గడప దిగేదాన్ని కాదు.

ఒక ఏడు పట్నం నుంచి ఒకాయన ఆ గూడెం గురించి పుస్తకం రాయాలని వచ్చి మా వసారాలో దిగాడు. పోయేముందు తేనె అవ్వను మా వాకిట్లో నిలబెట్టి ఫోటో తీశాడు. ఆమె కెమెరా వైపు చూడలేదు. అడవి వైపు తల తిప్పుకుంది. పెదవులు కాస్త విడివడి, ఎవరో పిలిస్తే జవాబు చెప్పబోతున్నట్టు ఉంది. ఆ ఎండాకాలం దాటకుండానే అవ్వ జ్వరంతో పోయింది. వానలు మొదలయ్యాక ఆ ఫోటో పోస్టులో మా నాన్న పేరున వచ్చింది.

మా నాన్న మంచివాడు. పోయినవాళ్ళకు మన ఇళ్ళల్లో ఏం చేస్తామో అదే చేశాడు. అద్దం కట్టించి, నుదుట బొట్టు పెట్టి, పూలదండ వేసి, వసారా గోడకు మేకు కొట్టి మా తాతయ్య ఫోటో పక్కనే తగిలించాడు. గూడెం మనిషికి అలాంటి చోటివ్వడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. అక్క వచ్చి చూసి సంతోషపడుతుందని ఆయన ఎదురుచూశాడు.

నాకు మాత్రం ఆ రోజు నుంచి వసారాలో అన్నం దిగలేదు. తాతయ్య ఫోటో ఎదురుగా చూస్తుంది, దానికి అలవాటు పడ్డాను. అవ్వ పక్కకు చూస్తుంది. అక్కడేముందోనని నేనూ తిరిగి చూసేదాన్ని. అక్కడ పెరటి గోడ తప్ప ఏమీ లేదు. పయనమైన మనిషిని గుమ్మంలో ఆపి మాట్లాడిస్తుంటే ఎలా నిలబడతారో అలా నిలబడి ఉంది. గాలి లేని మధ్యాహ్నం కూడా ఆమె మెడలో దండ సన్నగా కదిలేది. బల్లి అనేది అమ్మ. బల్లిని నేనెప్పుడూ చూడలేదు.

అక్క తేనెకుండ నెత్తిన పెట్టుకుని వచ్చింది. నేను ఎదురు పరిగెత్తాను. ఆమె నన్ను చూడలేదు. వాకిట్లో తలెత్తి గోడ వైపు చూసి ఆగిపోయింది. ఏడవలేదు. కుండ దించి, పైట ముఖం మీదికి లాక్కుని, ఆ గుడ్డలోంచే అడిగింది.

“మా యమ్మను ఎవురు నిలబెట్టినారు?”

నాన్న ఆప్యాయంగా ఏదో చెప్పబోయాడు. ఆమె వినిపించుకోలేదు.

“పోతా ఉండింది. సగం దోవలో మేకు కొట్టి పట్టుకున్నారు. పొయ్యి కాడ కుండలు వాటంతట అవే కదుల్తా ఉంటే యెందుకో అనుకుంటిమి.”

అంతే. గోడకు వీపు చూపకుండా వెనకడుగులతోనే వాకిలి దాటి వెళ్ళిపోయింది. మా కుక్క ఆమె చేతి ముద్దలతో పెరిగింది. ఆ రోజు అది ఆమె వెంట పోలేదు, మొరగలేదు. పడుకునే ఉండి, ఆమె పక్క ఖాళీ వైపు కళ్ళు తిప్పుతూ దారి చివరిదాకా చూసింది.

తర్వాత గూడెం నుంచి ఎవరూ రాలేదు. అక్క దించిపోయిన కుండ వాకిట్లోనే ఉంది. దానికి చీమ కూడా పట్టలేదు. నేను అక్క కావాలని మారాం చేసి దెబ్బలు తిన్నాను. నాన్నకు అక్క మీద కోపమొచ్చింది. దండ వేసింది కూడా తప్పేనా, ఇంతకంటే మర్యాద ఎవరు చేస్తారు అన్నాడు. మన మర్యాద మనకు మర్యాద, వాళ్ళకేమిటో అడిగావా అంది మా నాయనమ్మ.

నాయనమ్మ బడి గడప తొక్కలేదు, ఎదుటివాళ్ళను మాట పూర్తి చేయనిచ్చేదీ కాదు. మా ఊళ్ళో ఆమెకు తెలియని సంగతి లేదని ఆమె అభిప్రాయం. అలాంటి మనిషి నన్ను వెంటేసుకుని గూడెం దారి పట్టింది. లోపలికి అడుగుపెట్టకుండా మొదటి గుడిసెకు ఇవతలే నిలబడింది. చాలాసేపు ఎవరూ రాలేదు. నేను అక్కను పిలవబోతే నా నోరు మూసింది. చివరికి అక్క వచ్చి దూరంగా నిలబడింది.

“ఏం చేయాల్నో నువ్వే చెప్పు తల్లీ. నాకు తెలీదు” అంది నాయనమ్మ.

తెలీదన్న మాట ఆమె నోట నేను ముందూ వినలేదు, తర్వాతా వినలేదు.

ఎవరూ కట్టని గుడ్డ చుట్టమంది అక్క. ముఖం గోడ వైపు తిప్పి పెట్టమంది. అవ్వ పేరు ఇంట్లో ఎత్తొద్దంది. తాను వచ్చి చెప్పేదాకా విప్పొద్దంది. ఎప్పుడొస్తావని నేను అడగబోయాను. నాయనమ్మ నా చెయ్యి నొక్కింది. తిరిగొచ్చాక దండ తీసి, కళ్ళు దించుకునే ఫోటోను కిందికి దించి, తన ఆఖరు రోజుకని పెట్టె అడుగున దాచుకున్న తెల్లగుడ్డ తీసి చుట్టి, వసారా గూట్లో పెట్టింది. కంచంలో మెతుకు వదిలితే ఊరుకోని మనిషి ఆ గుడ్డ కోసం ఒక్క క్షణం ఆలోచించలేదు.

ఎవరూ లేనప్పుడు నేను ఆ గూడు దగ్గర చెవి పెట్టి వినేదాన్ని. లోపల తేనెపట్టులో వినిపించే చప్పుడు సన్నగా, ఆగకుండా వినిపించేది. భయపడి నాయనమ్మకు చెబితే, విన్నావుగా, ఇక అక్కడికి పోకు అంది. నీ భ్రమ అని మాత్రం అనలేదు.

ఎండాకాలంలో అక్క వచ్చింది. నేను ఎదిగిపోయినా ఎప్పటిలా చంకనెత్తుకుంది. ఇప్పుడు విప్పొచ్చంది. నాయనమ్మ విప్పింది. ఫోటోలో మా వాకిలి ఉంది, అవ్వ చీర ఉంది, కర్ర పట్టుకున్న చెయ్యి ఉంది. ముఖం లేదు. ఆ చోట అద్దం మీద ఊపిరి వదిలినట్టు తెల్లటి మచ్చ ఉంది. గూట్లో చెమ్మ పట్టిందన్నాడు నాన్న. అక్క ఆ మచ్చను వేలితో తాకి, చాలా నెమ్మదిగా అంది.

“చేరింది.”

నాయనమ్మ ఆ గుడ్డను ఉతికి, ఆరేసి, మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టుకుంది. చివరికి అందులోనే వెళ్ళింది.

ఇప్పుడు నేను అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. నా చదువు మూడో తరగతి. నా మనవరాలి కాలేజీ పుస్తకాలు బల్ల నిండా ఉన్నాయి. అన్నీ ఆస్ట్రేలియా ఆదివాసుల చరిత్ర, ఆచారాలు, వాళ్ళ విద్యలు. ఒక పుస్తకం అట్ట మీద ఒక ముసలామె ఉంది. ఆమె కూడా పక్కకు చూస్తోంది. మొదటి పేజీలో చుట్టూ గీత గీసి ఏదో రాసి ఉంటే ఏమిటని అడిగాను. పోయినవాళ్ళ పేర్లూ బొమ్మలూ ఇందులో ఉన్నాయని, వాళ్ళ మనుషులు చూసుకుని తెరవాలని రాశారట.

“అమ్మమ్మా, అది జస్ట్ వార్నింగ్. అందరూ స్కిప్ చేస్తారు” అంది.

అట్ట మీది ఆమెను క్లాసులో గోడంత పెద్దది చేసి చూపిస్తుందట. దానికే ఎక్కువ మార్కులట. నేను లైటు ఆర్పేసి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, తేనె అవ్వ సంగతి చెప్పాను. అది లేచి లైటు వేసింది. తర్వాత ఆ పుస్తకం వెనక ఉన్న అడ్రసుకు, చూపించవచ్చా అని మెయిల్ పెట్టింది. జవాబు రాలేదు. రాకపోతే బొమ్మ లేకుండానే చెబుతానంది. తగ్గే మార్కులు తగ్గనీ అన్నాను.

పట్నం ఆయన రాసిన పుస్తకం ఏ లైబ్రరీలో ఉందో నాకు తెలియదు. దానికి అలాంటి మొదటి పేజీ ఉండి ఉండదు. అందులో అవ్వ ఇంకా నిలబడే ఉందేమో అనిపిస్తుంది. అందుకే ఎవరి ఇంట్లో ఏ ఫోటో చూపించినా, చూడొచ్చా అని అడిగాకే నేను కళ్ళెత్తుతాను. చాదస్తం అంటారు. అననీ.

కూరల కాగితం సంచి కత్తిరించి మనవరాలి పుస్తకానికి అట్ట వేశాను. జవాబు వచ్చేదాకా ముఖం కిందికి పెట్టి ఉంచమన్నాను. బయట మోకాలి లోతు మంచు. మధ్యాహ్నం అందరూ పనులకు పోయాక బల్ల దగ్గర ఆ సన్నటి చప్పుడు వినిపిస్తుంది. ఫ్రిజ్ అమ్మమ్మా అంటుంది పిల్ల. కావచ్చు. నేను మాత్రం అట్ట సరిగ్గా ఉందో లేదో చూసుకుని, పుస్తకానికి వీపు చూపకుండా వెనకడుగులతోనే గది దాటుతాను.