వదులు ఉంగరాల అప్పలస్వామి

అప్పలస్వామి చేసిన నగ ఏళ్ల తరబడి ఎవరికీ సరిపోయిన పాపాన పోలేదు. ఉంగరమైతే చేతివేలికి వదులు, మెట్టె అయితే కాలివేలికి వదులు, చేతికి తొడిగే మురుగైతే మోచేతిదాకా వదులు. పోనీ చేతగాని కంసాలా అంటే, అబ్బే, పనితనం చూస్తే కళ్లకద్దుకోవాలి. వెండితీగతో పువ్వు అల్లడంలో అరకు సంతవీధి మొత్తానికీ ఆయన్ని మించినవాడు లేడు. చిక్కల్లా కొలత దగ్గరే.

ఆ చిక్కు అందరికన్నా ఎక్కువ అనుభవించింది ఆయన భార్య అచ్చియమ్మ. శృంగవరపుకోట నుంచి కొండెక్కి కాపురానికొచ్చి ఇరవై రెండేళ్లయింది. మొగుడు ముచ్చటపడి చేసిన మురుగు ఇప్పటికి రెండుసార్లు నూతిలో పడింది. రెండోసారి దిగి తీసినవాడు, “అమ్మా, దీన్ని నూతికే తొడిగేయండి, సరిగ్గా సరిపోతాది” అని సలహా చెప్పి మరీ వెళ్లాడు.

కొలత తీయడంలో అయ్యవారి శ్రద్ధకు మాత్రం వంక పెట్టలేం. దారంతో ఒకసారి, కాగితం ముక్కతో ఒకసారి, అనుమానం తీరక కళ్లు మూసుకుని వేలు పట్టుకుని ఇంకోసారి. అంతా అయ్యాక, ఆ లెక్కకు ఒక సైజు పెంచి చేస్తాడు. వదులేమిటని శీతాకాలంలో అడిగితే, చలికి వేళ్లు ముడుచుకున్నాయి, ఎండలు రానియ్యి అంటాడు. ఎండల్లో అడిగితే, ఎండకి చిక్కిపోయావు, వానలు రానియ్యి అంటాడు. లంబసింగి నుంచి వచ్చిన ఒకాయన, మా ఊళ్లో ఎండలే రావు కదా అని నిలదీస్తే, అయితే మీకు ఓపిక ఎక్కువ కావాలి అని చెప్పి, చుట్టుకోవడానికి ఎర్రదారం ఇచ్చి పంపాడు.

బడిపంతులు దేవీప్రసాద్ అప్పలస్వామి చేసిన ఉంగరం జారకుండా వేలు కొక్కెంలా వంచుకుని బోర్డు మీద రాసేవాడు. అక్షరాలు అలాగే రాయాలి కాబోలనుకుని రెండో తరగతి పిల్లలంతా వేలు వంచి రాయడం నేర్చుకున్నారు. థింసా ఆడే ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఓసారి టూరిస్టుల ముందు ఆట ఊపందుకోగానే ఒక మెట్టె ఎగిరి ఎవరో హైదరాబాద్ ఆసామి బొంగు చికెన్‌లో పడింది. ఆయన దాన్ని కొరికి, తీసి చూసి, ఇది కూడా ప్యాకేజీలో ఉందా అని గైడును అడిగాడట.

ఇన్నాళ్లూ పనితనం చూసి జనం వదులును భరించారు. కిందటేడు మెయిన్ రోడ్డు మీద అద్దాల షాపొకటి వెలిసింది. ఏసీ, కూల్‌డ్రింకు, వేలికి అతికించినట్టు కూర్చునే ఉంగరాలు. అప్పలస్వామి కుంపటి ముందు ఈగలు తోలుకునే రోజులొచ్చాయి. అచ్చియమ్మ అన్న పోలయ్య శృంగవరపుకోటలో తనకు తెలిసిన నగల కొట్లో బావకు కూలిపని మాట్లాడిపెట్టాడు.

అలాంటప్పుడు అనంతగిరి వైపు కాఫీ తోటల రత్న, తన కూతురు సోని పెళ్లికి వెండి ఉంగరం చెయ్యమని వచ్చింది. ఆమెను చూసి వాళ్ల ఊరంతా కొంటుంది. అచ్చియమ్మ ఆ రాత్రే మొగుడికి తేల్చి చెప్పేసింది.

“ఇదిగో, ఈ ఒక్కటీ కొలతకి సెయ్యి. ఇదీ వదులయ్యిందంటే, కొట్టు మూసీసి కోట పోదుం. నాకింక సిగ్గు పడే ఓపిక లేదు.”

అప్పలస్వామి బుద్ధిగా తలూపాడు. ఆవిడ నమ్మకుండా సోని వేలి కొలత తనే తీసింది. వెండి కరిగిందాకా, తీగ సాగిందాకా, అతుకు పడిందాకా పీట వేసుకుని పక్కనే కూర్చుంది. పాలు పొంగిన వాసనొచ్చి వంటింట్లోకి రెండు నిమిషాలు వెళ్లింది, అంతే. పెళ్లిలో సోని అందరికీ దణ్ణం పెడుతుంటే ఉంగరం జారి అత్తగారి ఒళ్లో పడింది.

రత్న ఏమీ అనలేదు గానీ, ఆ ఊరివాళ్లు ఒక్కరూ మళ్లీ కొట్టు గడప తొక్కలేదు. అచ్చియమ్మ కూడా తిట్టలేదు. సుత్తి, పట్టకారు, ఆకురాళ్లు, అన్నీ మూటకట్టింది. శుక్రవారం సంత అవగానే ప్రయాణమంది. అప్పలస్వామి ఖాళీ కుంపటి ముందు కూర్చుని, ఊళ్లో అందరి ముఖాలూ చివరిసారి చూస్తున్నవాడిలా చూస్తున్నాడు. ఆయన్నలా చూస్తే ఆవిడకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

ఆ శుక్రవారం పొద్దున్నే రత్న కూతురితో వచ్చి, ఉంగరం బల్ల మీద పెట్టింది. సోని ఎడమచేతికి కట్టు ఉంది. తిట్లకు సిద్ధపడి అచ్చియమ్మ కొంగు నడుముకు చుట్టింది.

రత్న తిట్టడానికి రాలేదు. కాఫీ పళ్లు కోస్తుంటే కొమ్మ మీది విషపు పచ్చపాము సోని చేతిమీద కాటేసిందట. చూస్తూండగానే చెయ్యి పొంగిపోయింది. ఆ పిల్ల భయంతో చెయ్యి విదిలించేసరికి ఉంగరం దానంతటదే ఊడిపడింది. అదే బిగుతుగా ఉండుంటే, ఆసుపత్రికి చేరేలోపు వేలు నల్లబడిపోయేదని నర్సమ్మ చెప్పిందట.

“ఎవులు సేసేరీ ఉంగరం, ఆయనకి దణ్ణం పెట్టండని సెప్పింది, ఆచారి బాబూ” అంది రత్న. చెప్తూనే రెండు చేతులూ ఎత్తింది.

అచ్చియమ్మ మొగుడి వైపు తిరిగింది. “నీకిది ముందే తెలుసేటి?”

అప్పలస్వామి నేల చూపులు చూశాడు. పెళ్లికి ముందు, కుర్రతనంలో, నీళ్లు కూడా దూరనంత బిగుతుగా చేస్తాడని తనకు పేరుండేదట. అలా చేసిన ఉంగరమే, తేలు కుట్టి వాచిన ఒక ఆడమనిషి వేలినుంచి తనే కత్తిరించాల్సి వచ్చింది. ఉంగరమైతే వచ్చింది, వేలు దక్కలేదు. కొండల్లో తోటపనులు చేసేవాళ్లకు పాములూ తేళ్లూ రోజూ ఉండేవే కదా అన్నాడు.

“మరి సెప్పొచ్చు కదా! ఇరవై రెండేళ్లు అందరిసేతా తిట్లు తిన్నావు, నాసేతా తిన్నావు.”

“సుభమా అని పెళ్లి ఉంగరం కొంటన్నోళ్లకి, పాము కరుత్తాది, వదులుగా ఉండనియ్యమ్మా అని ఎలా సెప్తానే?” అన్నాడు అప్పలస్వామి.

అచ్చియమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. రత్న మాత్రం మా ఊళ్లో ఇంకో మూడు పెళ్లిళ్లున్నాయి, అన్నిటికీ ఉంగరాలు నువ్వే చెయ్యాలి, కొలతలు నీ ఇష్టం అంది.

ఈలోగా సోని బల్ల మీది ఉంగరం తీసి, వాపు ఇంకా పూర్తిగా తగ్గని వేలికి తొడుక్కుంది. చెయ్యి కిందికి దించింది. ఉంగరం కదల్లేదు. గట్టిగా విదిలించింది. అయినా కదల్లేదు. సంతకొచ్చిన నలుగురూ వింత చూడ్డానికి మూగారు. మొగుడు చేసిన నగ ఒకటి, ఒక మనిషికి, సరిగ్గా సరిపోగా చూడటం అచ్చియమ్మకు కాపురానికొచ్చాక ఇదే మొదటిసారి. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

అప్పలస్వామి ముఖం మాత్రం మాడిపోయింది. గాభరాగా చెయ్యి చాచాడు.

“ఇలాగియ్యమ్మా, బేగి ఒక సైజు పెంచి ఇచ్చేత్తాను.”

అచ్చియమ్మ లోపలికి వెళ్లి, కట్టిన మూట విప్పి, సుత్తి తెచ్చి ఆయన చేతికిచ్చింది.