తలుపు దగ్గరి ఆరు

"ఎవడి పుస్తకంలో చూశావురా?" అంటూ లెక్కల మాష్టారు మా బాబాయిని చెవి పట్టుకుని తరగతి ముందు నిలబెట్టాడు. జవాబు సరైనదే. కానీ దానికి ముందు ఒక్క స్టెప్పూ లేదు. బాబాయి ఎక్స్ బదులు ఒకటి పెట్టి చూశాడు, రెండు పెట్టి చూశాడు, నాలుగు సరిపోతే నాలుగని రాశాడు. మాష్టారు ఆ మాట చెప్పనివ్వలేదు. బాబాయి మళ్లీ బడి మొహం చూడలేదు. మాష్టారు మాత్రం దండలు వేయించుకుని రిటైరయ్యాడు. అలాంటివాళ్లకేం కాదు.

పార్సిల్ గోడౌన్లో వ్యాన్లకు సరుకు ఎక్కిస్తూ, దించుతూ బాబాయి నలభై దాటాడు. పోయిన ఏడు నడుం పట్టేసింది. ఇంకా బరువులు మోస్తే మంచం ఎక్కడమేనన్నాడు డాక్టరు. గేటు దగ్గర సరుకు సరిచూసే ఉద్యోగం ఖాళీ అయింది గానీ, దానికి పదో తరగతి పాసవ్వాలి. ప్రైవేటుగా పరీక్షకు కట్టాడు. లెక్కలు తప్ప అన్నీ గట్టెక్కాయి.

నేను కూర్చోబెట్టి చెప్పాను. మూడు ఎక్స్‌కి ఆరు కలిపితే ఇరవై ఒకటి. ఎక్స్ ఎంత? బాబాయి ముందు ఆ మూడు మీద పడేవాడు. ఇరవై ఒకటిని మూడుతో భాగించి ఏడు చేసి, ఆరును మాత్రం భాగించకుండా వదిలేసి, చివరికి ఏడులోంచి ఆ ఆరు తీసేసి ఎక్స్ ఒకటని తేల్చేవాడు.

"ముందు ఆరును తియ్యి బాబాయ్!"

"ఎందుకురా? ఎక్స్‌ని అంటిపెట్టుకున్నది మూడేగా?"

ఎందుకో నాకూ సరిగ్గా చెప్పడం రాలేదు. విసుక్కున్నాను. వంటింట్లోంచి పిన్ని, "మీ గురువుగారికి నోరెక్కువ, ఓపిక తక్కువ," అంది.

మర్నాడు గోడౌన్‌కి వెళ్లాను. డ్రైవరు తొందరపడి వ్యాను లోపలి పెట్టెను లాగబోతున్నాడు.

"ఆగవయ్యా! తలుపు దగ్గరది దించకుండా లోపలిదెలా వస్తుంది?" అని అరిచిన బాబాయి, ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు. "ఒరేయ్, ముందు ఎక్స్‌ని మూడుతో హెచ్చించి, ఆ తర్వాతే ఆరు కలిపారు కదూ? అంటే ఆరే తలుపు దగ్గరుంది!"

సుద్దముక్క తీసి అట్టపెట్టె మీద రాశాడు. ఆరు దించితే పదిహేను. మూడుతో భాగిస్తే అయిదు. మళ్లీ ఎక్కించి చూశాడు. మూడైదులు పదిహేను, ఆరు కలిపితే ఇరవై ఒకటి. నడుం పట్టుకుని మరీ నవ్వాడు.

పాసయ్యాడని తెలిసిన రోజు పిన్ని హమ్మయ్య అంటూ గోడకు చేరగిలబడింది. నాకూ ఊపిరాడింది.

మొన్న గేటు దగ్గర కుర్చీలో, వీపు వెనక దిండుతో కనిపించాడు.

"పరీక్షలో ఒక్క స్టెప్పూ ఎగ్గొట్టలేదురా," అన్నాడు. "ఎవడి దాంట్లో చూసి రాశావని ఈసారి అడిగితే దాచేదేం లేదు. వ్యాన్లో చూసి రాశాననే చెప్తా."