ఇద్దరికీ నేనే గూఢచారిని

పోయిన నెల అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రైలు మారుదామని మెట్లు దిగుతుంటే, పెద్ద సూట్‌కేసు ఈడ్చుకుంటూ ఒక అమ్మాయి ఎదురైంది. వెనక సందులో ఉన్న ఏదో లేడీస్ హాస్టల్‌కి దారి అడిగింది. చెప్పాను. చెప్పి ఊరుకుంటే బాగుండేది. "ఏ ఊరమ్మా? ఒక్కదానివే వచ్చావా? హాస్టల్ నడిపేది ఎవరు?" అని కూడా అడిగాను. ఆ అమ్మాయి సూట్‌కేసుని కాలికి దగ్గరగా లాక్కుని, "మా అన్నయ్య కింద ఉన్నాడండీ" అని గబగబా వెళ్ళిపోయింది. అన్నయ్య ఎవరూ లేరని నాకు తెలుసు. ఉంటే సూట్‌కేసు ఆయనే మోసేవాడు. కానీ వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల నన్ను చూసిన చూపు మాత్రం నాకు కొత్త కాదు. ఇదే అమీర్‌పేటలో, కాలేజీ రోజుల్లో, అలాంటి చూపుల మధ్య ఒక వేసవి మొత్తం గడిపాను.

అప్పట్లో అమీర్‌పేటలో బస్సు దిగిన వాళ్ళెవరైనా కంప్యూటర్ కోర్సు కోసమే దిగినట్టు లెక్క. నాలుగడుగులు వేసేసరికి చేతిలో జావా కరపత్రం ఒకటి, ఒరాకిల్ కరపత్రం ఒకటి పడేవి. వద్దన్నా సంచిలో కుక్కేవాళ్ళు. అలాంటి చోట నేను పారాలీగల్ కోర్సు చేస్తున్నానంటే జనం జాలిపడేవాళ్ళు. డిగ్రీతో పాటు మా కాలేజీలో కొత్తగా పెట్టిన సర్టిఫికెట్ కోర్సు అది. లాయరుకి కావలసిన కాగితాలు తయారుచేయడం, కేసు వివరాలు రాసుకోవడం, కోర్టులో వాయిదాలు కనుక్కోవడం, ఇవన్నీ నేర్పేవాళ్ళు. రాజమండ్రిలో మా నాన్నగారికి ఎంత వివరించినా చివరికి, "అంటే లాయర్లకి కంపౌండరువన్నమాట" అని తేల్చేశారు. కోర్సు పూర్తికావాలంటే రెండు నెలలు ఒక లాయరు ఆఫీసులో పనిచేసి, ఆయన చేత సర్టిఫికెట్ రాయించుకోవాలి. పంజగుట్టలో ఒక చీరల కొట్టు పైన ఉన్న ఆఫీసు దొరికింది. అక్కడి లాయరుగారిని సార్ అనే పిలిచేవాళ్ళం, ఇక్కడా అలాగే అంటాను. మంచి లాయరే. కాకపోతే ఎవరేం చెప్పినా ఒక కనుబొమ్మ పైకెత్తి వినేవారు. "నమస్కారమండీ" అన్నా ఆ కనుబొమ్మ లేచేది. మొదటిరోజే నాతో, "ఈ గదిలో విన్నది ఈ గదిలోనే వదిలెయ్యాలి. అది తప్ప మిగతాదంతా నెమ్మదిగా నేర్చుకోవచ్చు" అన్నారు. కోర్సులో మాకు ఏడాదంతా చెప్పింది ఆయన అరనిమిషంలో చెప్పేశారని అబ్బురపడ్డాను.

నేనుండేది అమీర్‌పేటలో ఒక పాత రెండంతస్తుల ఇంట్లో నడిచే హాస్టల్‌లో. నడిపేది తణుకు నుంచి వచ్చిన ఒకావిడ. మా అందరికీ ఆంటీ. భర్త పోయాక ఆ ఇల్లు అద్దెకు తీసుకుని, ఆడపిల్లలకి గదులిచ్చి, రెండు పూటలా వండిపెట్టి బతుకుతోంది. గొంతు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. ఎవరైనా పచ్చడన్నం కలుపుకుంటుంటే అడక్కుండానే వెనకనుంచి వచ్చి నెయ్యి వేసి పోయేది. ఇంటి ఓనరు హైదరాబాదు మనిషే. వయసైన వాడు. రోజూ పొద్దున్నే తెల్లటి కాన్వాసు బూట్లు వేసుకుని, చెవులకి మఫ్లరు చుట్టుకుని వాకింగ్‌కి బయల్దేరేవాడు. ఎండాకాలంలో మఫ్లరెందుకో ఎవరికీ తెలియదు. ఆయన వాకింగ్ మా వరండా దాకానే. అక్కడ కుర్చీలో కూలబడి, ఆంటీ వేసిన పెసరట్టు అల్లం పచ్చడితో తిని, "మస్తుందమ్మా" అనేసి మళ్ళీ నడుచుకుంటూ పోయేవాడు.

ఆ ఓనరే ఒకరోజు మధ్యాహ్నం కొడుకుని వెంటబెట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. నేను మూలన కూర్చుని టైపు చేస్తున్నాను. ఆయన నన్ను చూశాడు. గుర్తుపట్టాడు, అందులో అనుమానం లేదు. కానీ పలకరించలేదు. పైగా కళ్ళు పెద్దవి చేసి, కనీకనిపించనట్టు తల అడ్డంగా ఊపాడు. మాట్లాడిందంతా కొడుకే. "గా ఇల్లు ఖాళీ చేపియ్యాలె సార్. సాఫ్ట్‌వేర్ కోచింగోళ్ళు అడుగుతున్నరు. కిరాయి డబుల్ ఇస్తమంటున్నరు" అన్నాడు. సార్ అంతా విని, ముందు నోటీసు ఇద్దామని, దానికి రెండు వారాలు పడుతుందని, ఈలోగా ఎవరికీ తెలియనివ్వొద్దని చెప్పారు. ఓనరు తల ఊపింది ఆంటీకి చెప్పొద్దని బెదిరించడానికేనని ఆ క్షణంలోనే నిశ్చయించేసుకున్నాను. పొద్దున ఆమె చేతి పెసరట్టు తిని మధ్యాహ్నం ఇక్కడికొచ్చి కూర్చున్న మనిషిని చూస్తుంటే ఒళ్ళు మండిపోయింది.

వాళ్ళు వెళ్ళగానే సార్ దగ్గరికి వెళ్ళి, "సార్, నేనుండేది ఆ ఇంట్లోనే" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మంచిది" అన్నారు. ఏది మంచిదో అర్థం కాలేదు. మర్నాటినుంచి కొద్దికొద్దిగా అర్థమైంది. టీ తాగుతూ, ఏదో మాటల్లో పడి అడిగినట్టు, "మీ హాస్టల్లో ఎంతమంది పిల్లలుంటారమ్మా?" అనేవారు. ఇంకోరోజు, "మేడ మీద రేకుల గది మొదటినుంచీ ఉందా, ఆవిడ వేయించిందా?" అన్నారు. మొదటిదానికి జవాబు చెప్పేశాను కూడా. ఆవిడ మీద కేసుకి పనికొచ్చే లొసుగులు వెతుకుతున్నారని తట్టి, రెండోదానికి నోరు తెరవబోతూ ఆగాను. వంటకి వాడే గ్యాసు సిలిండర్లు ఇంటివా, హోటళ్ళకిచ్చేవా అని ఆయన అడిగిన రోజున లేచి నిలబడి, "సార్, నేనక్కడ తింటున్నాను. ఇవి నన్ను అడక్కండి" అన్నాను. కనుబొమ్మ లేచింది. "అడగను. మరి ఇక్కడి సంగతులు అక్కడ చెప్పడం లేదు కదా?" అన్నారు. లేదన్నాను. అది నిజం.

పట్టుమని వారం తిరక్కముందే పిడుగు పడింది. మా నోటీసు ఇంకా ముసాయిదాలోనే ఉంది, అప్పటికే ఆంటీ ఒక కుర్ర లాయరుని పెట్టుకుని కోర్టుకి వెళ్ళింది. తనని బలవంతంగా ఖాళీ చేయించకుండా ఆపమని పిటిషను వేసింది. ఆ సంగతి తెలిసినప్పుడు సార్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది, నేను కూడా ఒకటి అందును. ఆయన ఊరికే లేచి, ఎప్పుడూ తెరిచుండే బీరువాకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. ఆ తర్వాత క్లయింట్లు వచ్చినప్పుడల్లా నాకు కింద జిరాక్సు పని పడేది. జిరాక్సు తీయవలసిన కాగితాలు అయిపోయాక, పాతవే మళ్ళీ తీయించారు. చీరల కొట్టు సేల్స్‌మన్ నాకు పరిచయమయ్యాడు. "ఏంది మేడం, పైన ఏమన్న లొల్లా?" అని అడిగేవాడు. నేను చీరలు చూస్తున్నట్టు నటించేదాన్ని.

పోనీ సాయంత్రం హాస్టల్‌కి వెళ్తే ప్రాణం కుదుటపడుతుందా అంటే, అక్కడ ఇంకో వాతావరణం. నేను వంటింటి గుమ్మంలో కాలుపెడితే మాటలు ఆగిపోయేవి. ఆంటీ పప్పు గిన్నె నా ముందు పెట్టి, వడ్డించకుండా వెళ్ళిపోయేది. నెయ్యి పక్కమ్మాయి దాకా వచ్చి, అక్కణ్ణుంచి నన్ను దాటుకుని ఆ పక్కమ్మాయికి పోయేది. ఇంట్లో ఏదో ఒకటి పోయినప్పుడు అందరూ ఒకరినే చూస్తారే, అలా ఉండేది. నా గదిలో ఉండే గుంటూరమ్మాయి మెత్తని మనిషి. డెమో క్లాసుకి వెళ్ళేముందు కూడా కళ్ళు మూసుకుని ప్రభువుని తలుచుకునేది. ఆ పిల్లే చివరికి తట్టుకోలేక అడిగింది. "నువ్వు ఓనరుగారి లాయరు దగ్గరే పనిచేస్తున్నావంట కదా? మేమెంతమందిమి ఉంటామో, ఏం వండుకుంటామో అన్నీ రాసి ఇస్తున్నావని ఆంటీ అంటున్నారు. నిజమేనా?"

నేను ఎవరి దగ్గర పనిచేస్తున్నానో హాస్టల్‌లో ఎవరికీ చెప్పలేదు. పంజగుట్టలో లాయరు ఆఫీసని మాత్రమే చెప్పాను. మరి ఆంటీకి ఎలా తెలిసింది? ఆ రోజునుంచి నేను కూడా అందర్నీ అనుమానించడం మొదలుపెట్టాను. చీరల కొట్టు సేల్స్‌మన్‌ని అనుమానించాను. ఆంటీ తరఫు కుర్ర లాయరు నన్ను వెంబడించి ఉంటాడనుకుని, షేర్ ఆటోలో పక్కన కూర్చున్న ప్రతి తెల్లచొక్కా వైపూ ఓరగా చూశాను. గుంటూరమ్మాయి ప్రార్థనలో నా పేరు వినబడుతుందేమోనని చెవులు రిక్కించాను. ఒక్క ఓనరుని మాత్రం అనుమానించలేదు. ఆయన మీద నాకు కోపం ఉంది కాబట్టి అనుమానానికి చోటు లేకపోయిందేమో.

ఇంటర్న్‌షిప్ చివరి వారంలో, కోర్టు బయట రాజీ పడదామని సార్ ఇరుపక్షాలనీ ఆఫీసుకి పిలిచారు. ఓనరూ కొడుకూ ఒకవైపు, ఆంటీ, ఆమె కుర్ర లాయరూ ఇంకోవైపు. నన్ను జిరాక్సుకి పంపలేదు. ఉండమన్నారు. నన్ను అందరిముందూ పట్టుకోవడానికేనని అర్థమై, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆంటీ పట్టుచీర కట్టుకుని వచ్చింది. నా వైపు చూడలేదు.

సార్ మంచినీళ్ళు తాగి మెల్లగా మొదలుపెట్టారు. "ఒక్క సంగతి తేలాలమ్మా. మేము నోటీసు ఇవ్వకముందే మీకు కబురెలా అందింది?"

"ఎలా అందుతుందండీ? ఆయనే చెప్పారు" అంది ఆంటీ, ఓనరు వైపు చెయ్యి చూపించి. "మా వరండాలో కూర్చుని, పెసరట్టు తింటూ చెప్పారు. మా అబ్బాయి లాయరు దగ్గరికి తీసుకెళ్ళాడమ్మా, నువ్వు కూడా ఎవర్నైనా చూసుకో అన్నారు. మీ దగ్గర పనిచేసే ఈ పిల్ల మా ఇంట్లోనే ఉంటుంది, జాగ్రత్త అని కూడా ఆయనే అన్నారు."

సార్ కనుబొమ్మలు జీవితంలో మొదటిసారి రెండూ ఒకేసారి లేచాయి. కొడుకు వాళ్ళ నాన్న వైపు తిరిగి అడిగింది మాత్రం కేసు గురించి కాదు. "పెసరట్టేంది బాపూ? నువ్వు రోజూ పార్కుకు పోతలేవా? డాక్టరు నూనె వద్దన్నడు గదా!"

ఓనరు మఫ్లరు సర్దుకున్నాడు. "జర ఆగు బిడ్డా. అవును వకీల్ సాబ్, నేనే చెప్పిన. ఇన్నేండ్ల సంది ఆమె చేతి టిఫిన్ తింటున్న. పొద్దుగాల తిని, మాపటికి కాయితం పంపియ్యాల్నా? నాతోని కాలే. గీ పిల్లకు సుత ఇషారా చేసిన, మావోడి ముంగట టిఫిన్ ముచ్చట తియ్యకని. ఆమెకేం అర్థమైందో ఏమో!"

అప్పుడు తెలిసింది ఆ తల ఊపుడికి అర్థం. నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. రెండూ ఆపుకున్నాను.

తర్వాత కొడుకు చాలాసేపు గొణిగాడు, కుర్ర లాయరు చాలాసేపు వాదించాడు. చివరికి పిల్లల కోర్సులు పూర్తయ్యేదాకా ఆంటీ ఉండొచ్చని, ఆ తర్వాత ఖాళీ చేయాలని కుదిరింది. ఇల్లు మాత్రం దక్కలేదు. అది కోచింగ్ సెంటరైంది. ఆంటీ ఎర్రమంజిల్ వైపు చిన్న ఇల్లు చూసుకుని సగం మందితో మళ్ళీ మొదలుపెట్టింది. సార్ నాకు క్షమాపణ చెప్పలేదు. చివరిరోజు బీరువా తాళం తీసి, తలుపు బార్లా తెరిచి ఉంచి, తన పక్క కుర్చీ చూపించి, "కూర్చో. కాఫీ తాగుదాం" అన్నారు. సర్టిఫికెట్ తన చేత్తోనే రాసిచ్చారు. కాలేజీలో మా మేడమ్ అది చూసి, ఇంత బాగా రాసిన సర్టిఫికెట్ ఇంకెవరికీ రాలేదంది.

కానీ నేను చెప్పదలుచుకున్నది రాజీ కుదిరిన రోజు రాత్రి సంగతి. భోజనాల దగ్గర ఆంటీ స్వయంగా వచ్చి వడ్డించింది. గిన్నె వంచి, అన్నం మునిగిపోయేంత నెయ్యి వేసింది. నా ప్రాణం లేచొచ్చింది. అందరూ తిని వెళ్ళేదాకా ఆగి, నా ఎదురుగా పీట వేసుకు కూర్చుంది.

"వాళ్ళకి మా సంగతులు చెప్పలేదంట. మీ సారు నన్ను మెట్ల దాకా సాగనంపుతూ చెప్పారు. నేనే తప్పుగా అనుకున్నాను" అంది. నెయ్యి గిన్నె పక్కకి జరిపి, "అది సరే. మరి నాకెందుకు చెప్పలేదు?" అంది.

"చెప్పకూడదాంటీ. అక్కడ విన్నది బయట చెప్పకూడదు. నా పని అది."

"పని" అంది ఆవిడ, ఆ మాట రుచి చూస్తున్నట్టుగా. "ఫిబ్రవరిలో నీకు జ్వరమొస్తే మూడు రాత్రులు నీ మంచం పక్కనే పడుకున్నాను. అది మాత్రం నా పనా? నన్ను రోడ్డు మీద పెడతారని తెలిసి కూడా, రోజూ నా ఎదురుగా కూర్చుని ఎట్లా తిన్నావే?"

అడిగినదాంట్లో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను కంచంలో మిగిలిన మెతుకులు వేలితో ఒకచోటికి చేర్చాను. ఆవిడ లేచి, నా కంచం తనే తీసుకెళ్ళి కడిగింది. నేను వెళ్ళిపోయేదాకా ప్రేమగానే చూసింది. కానీ ఫోన్‌లో తణుకు వాళ్ళతో మాట్లాడుతున్నప్పుడు నేను వస్తే, గొంతు ఒక మెట్టు తగ్గించేది.

తర్వాత నేను లా చదివాను. ఇన్నేళ్ళుగా అదే వృత్తిలో ఉన్నాను. నా దగ్గరికొచ్చే పిల్లలకి మొదటిరోజు నేను కూడా అదే మాట చెబుతాను, ఈ గదిలో విన్నది ఈ గదిలోనే వదిలెయ్యాలని. అది సరైన మాటే. నేను చేసింది సరైన పనే. అయినా ఆవిడ అడిగినదానికి జవాబు మాత్రం దొరకలేదు. చిన్నపిల్లని కాబట్టి అప్పుడు తోచలేదని చాలాకాలం సరిపెట్టుకున్నాను. ఇప్పుడు నాకు ఆనాటి ఆంటీ వయసు వచ్చింది. జవాబు తోచకపోవడానికి కారణం వయసు కాదని తెలుసుకోవడానికే ఇంత వయసు పట్టింది.