పడవ ఆటకు పెట్టిన బొట్టు

మా బావగారు పోయారు. పోయిన నెల ఒక గురువారం పొద్దున చాయ్ తాగి, చెప్పులు వేసుకోబోతూ అరుగు మీదే ఒరిగిపోయారు. గురువారమంటే ఆయన జుమ్మేరాత్ బజారుకు వెళ్లే రోజు. అక్కడ పాత సామాను అమ్మే భాయ్‌కి నేనే ఫోన్ చేసి చెప్పాను. "ఆయన కోసమే ఒకటి తీసి పక్కకు పెట్టిన గదమ్మా" అన్నాడు.

బావగారు మా ఆయనకు అన్న. లాల్‌దర్వాజాలో గడియారాలు బాగుచేసేవారు. కొత్త కోడలిగా నేను ఆయన ముందు కూర్చునేదాన్ని కూడా కాదు. కిటికీ కింద ఆయనకొక రేకు పెట్టె ఉండేది. దాని నిండా వీడియో గేమ్ క్యాసెట్లు. తొంభైల చివర్లో పిల్లలు కంప్యూటర్లకు మళ్లాక అవి గోనెసంచుల్లో, పాత ఇనుముతో కలిసి బజారుకు వచ్చేవి. బావగారు భాయ్ తెచ్చిన గడియారం ఒకటి నడిపించి ఇచ్చి, బదులుగా ఆ సంచిలో చెయ్యి పెట్టేవారు. "కొనుడు కాదమ్మా, దొరకబట్టుడు" అనేవారు.

"అన్నా, ఇంకో పెట్టె వస్తే మేం వాకిట్ల పండాలె" అని మా ఆయన దెప్పేవారు.

"పండుర్రి. గాలి మంచిగొస్తది."

ఒకరోజు ఉండబట్టలేక నేనే అడిగాను. "గింత డబ్బాల గంత లోకం ఎట్ల పడ్తది బావా?"

ఆయన ఒక క్యాసెట్ స్క్రూలు విప్పి, లోపలి ఆకుపచ్చ పలకను నా చేతిలో పెట్టి, గడియారాలు చూసే భూతద్దం ఇచ్చారు. సన్నని దారులు, అంచున వరసగా రాగి పళ్లు. అప్పటినుంచి ఆయన ముందు కూర్చోవడం మొదలైంది. అందరూ క్యాసెట్‌లోకి ఊది పెడతారు కదా, ఆయన ఊదనిచ్చేవారు కాదు. "నోటి తడికి రాగి చిలుము పడ్తది. రబ్బరుతోని రుద్దు."

ఆయన వెతికేది ఒకే ఒక్క ఆట. ఎన్నడో చాంద్రాయణగుట్టలో ఒక దుకాణం అద్దం వెనక చూశారట. ఏటికి ఎదురుగా ఒక పడవ పోతుంటుంది. ఒడ్డున నిలబడ్డవాళ్లను ఎక్కించుకోవాలి, అంతే. పదేళ్లు ప్రతి గురువారం వెతికితే, ఒక దసరా ముందు దొరికింది.

ఆయుధపూజ నాడు ఆయన స్క్రూడ్రైవర్లకు, భూతద్దానికి బొట్లు పెట్టాను. కొత్తగా ఇంటికొచ్చిందని ఆ క్యాసెట్‌కూ పెట్టాను. ఊదొద్దన్న మాట గుర్తుంది, ఊదలేదు. కానీ పని చేసేవి ఆ పళ్లే కదా అని ఒక్కొక్క పంటికీ తడి పసుపు, పైన కుంకుమ పెట్టాను.

సాయంత్రం గేమ్ మెషిన్‌లో పెడితే టీవీలో పడవ రాలేదు. ఉత్త బూడిదరంగు.

"ఏమైంది బావా?"

ఆయన క్యాసెట్ తిప్పి చూశారు. "ఏం లేదు. నీ దేవుడు జర లోపలికి పోయిండు."

నాకు ఏడుపొచ్చింది. మహంకాళమ్మకు కొబ్బరికాయ మొక్కుకున్నాను. ఆయన మూడు సాయంత్రాలు దూదితో, స్పిరిటుతో, పెన్సిల్ రబ్బరుతో ఒక్కో పన్నూ రుద్దారు. చివర్న అడిగారు.

"ఎందుకు పెట్టినవమ్మా?"

"పనిచేసే వస్తువు గద బావా."

"గందుకే గద నేను గూడ ఏరుకొస్తున్న" అని నవ్వారు.

నాలుగో రోజు పడవ వచ్చింది. మూత బిగించే ముందు ఆయన పలక మూల చూపించారు. అక్కడ చిటికెడంత కుంకుమ. "గీడ ఆటకు అడ్డం రాదు. ఉండనీ."

పెద్దకర్మ అయిన తర్వాతి గురువారం నేను బజారుకు వెళ్లాను. ఆయన కోసం పక్కకు పెట్టిన క్యాసెట్‌ను భాయ్ నాకిచ్చాడు, దాని పేరు చీటీ ఊడిపోయి ఉంది.

"ఏం ఆట భాయ్ ఇది?"

"తెల్వదమ్మా. ఆయన గూడ ఎన్నడూ అడగలే."

ఇంటికొచ్చి ముందు పడవ ఆట మూత విప్పాను. కుంకుమ అలాగే ఉంది. పళ్లు రుద్ది, మూత బిగించి మెషిన్‌లో పెట్టాను. మొదటిసారి బూడిదరంగే వచ్చింది. ఊదాలని నోటిదాకా తెచ్చి, ఆగి, మళ్లీ రుద్దాను.

పడవ వచ్చింది. ఆ ఆటలో మీట నొక్కకపోతే పడవ కదలదు. నేను నొక్కలేదు. కిటికీ దగ్గర పేరులేని క్యాసెట్‌ను రబ్బరుతో రుద్దుతూ కూర్చున్నాను. ఎదురుగా టీవీలో పడవ ఒడ్డునే ఆగి, మెల్లగా ఊగుతోంది.